నలభై అంగలు తూర్పుకు

చాంపియన్ రీఫ్స్,
9 జూన్ 2024

సోనియాకు పెద్దమ్మ దీవెనలు.

నువ్వు పంపిన లాప్‌టాప్ చేరింది. మీ ఆఫీసులో తీసేసిన పాతదని రాశావు గానీ నా కంటికి కొత్తదే. వరండాలో బల్ల మీద పెట్టి పైన లేసుగుడ్డ కప్పాను.

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోనులో నాకు మాట అందదని నీకు తెలుసు. మనిషి ఎదురుగా నిలబడి గట్టిగా చెబితే సగం వినిపిస్తుంది, మిగతా సగం పెదాలు చూసి తెలుసుకుంటాను. పైగా మెషిన్ పనులు కాగితం మీద ఉంటే పక్కన పెట్టుకొని ఒక్కొక్కటే చేసుకోవచ్చు.

సంగతేమిటంటే, మీ పెదనాన్న రాసిన నోటుబుక్కులు పదకొండు నా పెట్టెలో ఉన్నాయి. గని సర్వే సెక్షన్లో కొలత గొలుసు పట్టి ముప్పై ఏళ్ళు తిరిగిన మనిషి. బావిలా నిలువుగా తవ్విన ఏ షాఫ్టు ఎక్కడుంది, ఎంత లోతు, దేన్ని ఎప్పుడు మూసేశారు, అన్నీ రాసి పెట్టుకున్నాడు. బంగారు గని మూతపడ్డాక మనవాళ్ళు తలా ఒక దిక్కుకు పోయారు. మొన్న పక్క లైను ఇళ్ళలోని రామాంజినప్ప వచ్చి, “పెట్టెలో పెట్టుకొని ఏం చేస్తారు మేడమ్? చెదలు తిని పోతాది. మా మనవరాలు ఏందో బ్లాగు రాస్తా ఉండాది. మీరూ అట్ల రాయండి, మేమంతా చదువుకుంటాం” అన్నాడు. ఆయన గనిలోకి మనుషుల్ని దింపే వైండింగ్ ఇంజన్ నడిపినవాడు. ఊరికే మాటలు చెప్పే మనిషి కాదు.

నలభై ఏళ్ళు తెలుగు మీడియం బడిలో పాఠం చెప్పినదాన్ని. రాయడం నాకు వచ్చు. రాసినది లోకానికి ఎలా చేరుతుందో నువ్వు చెప్పు.

మీ పెద్దమ్మ,
హన్నమ్మ


మాలూరు,
16 జూన్ 2024

పెద్దమ్మకు సోనియా నమస్కారాలు.

మీ ఉత్తరంలో తప్పుల కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు. నా దాంట్లో దొరికితే ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపకండి, దండం పెడతాను.

బ్లాగు అంటే తేదీల వారీగా రాసుకుంటూ పోయే పుస్తకం. కొత్తగా రాసింది పైన ఉంటుంది, పాతది కిందికి జరుగుతుంది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మీ లాప్‌టాప్‌లో ఉండదు. ఎక్కడో సర్వర్ అనే అద్దె కంప్యూటర్‌లో ఉంటుంది. అది ఎప్పుడూ ఆరిపోదు. మీరు రాసిన ప్రతి అక్షరం డేటాబేస్ అనే గిడ్డంగిలో చేరుతుంది. ఎవరైనా మీ బ్లాగు చిరునామా కొట్టగానే, సాఫ్ట్‌వేర్ గిడ్డంగిలోంచి మీ రాత తీసి, పేజీగా అమర్చి, వాళ్ళ ముందు పెడుతుంది. పేజీ ఎలా కనబడాలో చెప్పేది థీమ్. థీమ్ మార్చినా రాత మారదు, గోడకు సున్నం మార్చినట్టే.

పెదనాన్న పద్ధతిలో చెప్పాలంటే, చదివేవాళ్ళకు కనబడేది పైనున్న నేల. పనంతా కింద జరుగుతుంది. కిందికి దిగడానికి మీకో పేరు, పాస్‌వర్డ్ ఇస్తాను. గనిలోకి దిగేవాళ్ళకు ఇత్తడి బిళ్ళ ఇచ్చేవాళ్ళు కదా, అలాంటిదే. దిగగానే డాష్‌బోర్డు వస్తుంది. అందులో ‘కొత్త టపా’ నొక్కి రాయండి. రాస్తున్నంతసేపు అది చిత్తుప్రతి, మీకు తప్ప ఎవరికీ కనబడదు. ‘ప్రచురించు’ నొక్కితే లోకానిది. చదివినవాళ్ళు కింద వ్యాఖ్యలు రాస్తారు. మనం ఆమోదిస్తేనే అవి బయటికి వస్తాయి.

ఇంకొకటి. మీ బిళ్ళ మీద ‘రచయిత’ అని ఉంటుంది. మీ రాతలు మీరు రాసుకోవచ్చు, దిద్దుకోవచ్చు. నా బిళ్ళ ‘నిర్వాహకురాలు’. నేను ఎవరి రాతనైనా తెరవగలను, మార్చగలను, తీసేయగలను. భయపడకండి, ఏదైనా చెడిపోతే బాగుచేయడానికే.

మా ఇంట్లో మంచి కబురు. సెల్విన్‌కు ఉద్యోగం దొరికింది. ఇళ్ళ స్థలాలు వేసి అమ్మే ఒక లేఅవుట్ కంపెనీలో సైట్ సూపర్‌వైజర్. ఎనిమిది నెలలు పని లేక గోడకు ఆనుకొని కూర్చున్న మొగుడు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని గడప దాటుతుంటే నాకు ఏడుపొచ్చింది.

మీ
సోనియా


చాంపియన్ రీఫ్స్,
21 జులై 2024

సోనియాకు,

ఆరు టపాలు అయ్యాయి. మొదటిది ప్రచురించే ముందు పదిసార్లు చదువుకున్నాను. ఇప్పుడు అలవాటైంది. నిన్నటికి మూడు వందల మంది చదివారట. హోసూరులో ఉన్న ఎవరో అమ్మాయి, తన తాత పేరు నాలుగో నోటుబుక్కులో చూసి, “మా ఇంట్లో ఆయన ఫోటో కూడా లేదు, పేరన్నా దొరికింది” అని వ్యాఖ్య రాసింది. ఆ పూట అన్నం తినలేకపోయాను.

ఇప్పుడు ఆరో నోటుబుక్కు తెరిచాను. అందులో ఒక పేజీ నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. మన లైన్ల వెనక నీలగిరి తోపు దాటితే పాత సిమెంటు నీళ్ళ తొట్టి ఉంది, నీకు గుర్తుండాలి. మీ పెదనాన్న రాసింది యథాతథంగా ఇస్తున్నాను: “తొట్టి నుంచి నలభై అంగలు తూర్పుకు దొరల కాలపు షాఫ్టు. బంగారం పడక వదిలేశారు. నోటికి దుంగలు పరిచి మట్టి కప్పారు. మ్యాపులో లేదు. దుంగ సందులోంచి రాయి వేశాను. కింద పడిన చప్పుడు రాలేదు.”

తొట్టి చుట్టూ ఇప్పుడు తెల్లరాళ్ళు పాతారు. లేఅవుట్ వస్తోందని పెద్ద బోర్డు పెట్టారు. మనకు పాలు పోసే గోవిందప్ప, అతని భార్య నాగరత్న అక్కడే ఇంటి సైటు కొన్నారు. తొట్టికి తూర్పున మూడోది.

దీన్ని రేపే ప్రచురిస్తాను.

పెద్దమ్మ


మాలూరు,
26 జులై 2024

పెద్దమ్మకు,

మీ ఉత్తరం చేరేసరికే టపా వచ్చేసింది. ఆఫీసులో చదివాను. చాలా బాగా రాశారు. అయినా కొన్నాళ్ళు చిత్తుప్రతిగానే ఉంచి ఉంటే బాగుండేది. ప్రచురించిన టపాను మళ్ళీ చిత్తుప్రతిగా మార్చడం కష్టమేమీ కాదు. కుడిపక్కన ‘స్థితి’ అని ఉంటుంది, అక్కడ మార్చి భద్రపరిస్తే చాలు. లేదంటే తేదీ ముందుకు జరిపితే ఆ రోజు దానంతటదే వస్తుంది. డిసెంబరుకు పెట్టండి. అప్పటికి అన్నీ కనుక్కోవచ్చు.

పెదనాన్న అంగ ఎంత పొడవో మనకు తెలియదు. ముప్పై ఏళ్ళ కిందటి మాట. దుంగలు పరిచారని రాశాడు గానీ ఆ తర్వాత ఎవరైనా నింపేశారేమో. కంపెనీవాళ్ళు ఇంజనీరు చేత చూపించకుండా రాళ్ళు పాతుతారా?

సెల్విన్‌కు పని ఎక్కువగా ఉంది. రోజూ పొద్దున్నే మారికుప్పం రైలెక్కుతున్నాడు.

సోనియా


చాంపియన్ రీఫ్స్,
25 ఆగస్టు 2024

సోనియాకు,

టపాను డిసెంబరుకు జరపలేదు. ఎందుకో చెబుతాను.

గోవిందప్ప అది ఫోనులో చదివాడు. మరునాడు చేతిలో పాలక్యానుతోనే నా వరండా మెట్ల దగ్గర నిలబడ్డాడు. “మేడమ్, మీరు రాసింది నిజమే అనిపిస్తా ఉండాది. మొన్న వానకు అన్ని సైట్లలోనూ నీళ్ళు నిలిచినాయి. మా దాంట్లో మాత్రం తెల్లారేసరికి ఇంకిపోయినాయి. యాడికి పోతాయో తెలీదు. గడ్డపార వేస్తే డబ్బా మీద కొట్టినట్ల మోగతాది. ఇంగ పునాది తవ్వేది నిలిపేస్తా” అన్నాడు. ఇంకో ఇద్దరు కూడా ఆగిపోయారట. కంపెనీవాళ్ళు వచ్చి గట్టిగా మాట్లాడి వెళ్ళారని నాగరత్న చెప్పింది. మనిషి బతికాడు, అది చాలు నాకు.

సెల్విన్ రోజూ మన ఊరి పక్క మారికుప్పం దాకా వస్తున్నాడని రాశావు. ఒక్కసారైనా మా గడప తొక్కలేదేం? ఏ లేఅవుట్‌లో పని చేస్తున్నాడు? నువ్వు రాయలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

సెప్టెంబరు మూడున కోలారులో నా కంటి ఆపరేషన్. రెండు కళ్ళకూ పొరలు. ఒకదాని తర్వాత ఒకటి చేస్తారు. నాతో పని చేసిన పిల్లమ్మ టీచరు ఇంట్లోనే నెల పైగా ఉంటాను. లాప్‌టాప్ ముట్టుకోవద్దన్నారు. వ్యాఖ్యలు నువ్వు చూసుకో. పిల్లమ్మ ఇంటి చిరునామా కింద రాశాను.

పెద్దమ్మ


మాలూరు,
19 సెప్టెంబరు 2024

పెద్దమ్మకు,

మొదటి కన్ను బాగా కుదిరిందని పిల్లమ్మ టీచరుగారు కార్డు రాశారు. రెండో దానికి ధైర్యంగా ఉండండి. చుక్కలమందు మానకండి. తల వంచి బరువులు ఎత్తకండి.

బ్లాగు గురించి మీకు ఏ బెంగా వద్దు. అంతా బాగుంది. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చింది, ఎక్కించాను. వ్యాఖ్యలు కొన్ని వచ్చాయి, చూశాను. అక్కడక్కడ చిన్నచిన్న దిద్దుబాట్లు చేశాను. అక్షరదోషాలు, అంతే.

మీరు అడిగినదానికి తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు టైము లేదు. ఊరికి పోవాలని తొందరపడకండి. అక్టోబరు నెలాఖరు దాకా కోలారులోనే ఉండండి. దుమ్ము కంటికి మంచిది కాదు.

సోనియా


చాంపియన్ రీఫ్స్,
14 అక్టోబరు 2024

సోనియా,

శనివారం ఇంటికి వచ్చాను. కోలారు బస్టాండులోనే పేపరులో చదివాను. నువ్వూ చదివే ఉంటావు.

ఎనిమిదో తారీఖు పొద్దున గోవిందప్ప తన సైటులో పునాది తవ్వుతున్నాడు. కూలివాళ్ళిద్దరూ టీకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి మనిషి లేడు, గడ్డపార లేదు, అక్కడ నేలే లేదు. గది వెడల్పు గొయ్యి. నాగరత్న అంచుదాకా పాక్కుంటూ పోయి పిలిచిందట. ఫైర్ సర్వీసువాళ్ళు తాళ్ళు వేసి మూడు రోజులు దిగారు. నాలుగో రోజు కింద నీళ్ళున్నాయని, పక్కలు విరిగిపడుతున్నాయని ఆపేశారు. పాతిపెట్టడానికి కూడా మనిషి దొరకలేదు.

నేను వీధిలోకి రాగానే మాటలు ఆగిపోయాయి. నాకు చెవుడే గానీ మాటలు ఆగడం తెలుస్తుంది. చివరికి రామాంజినప్ప నా ముందుకొచ్చి, పెదాలు కనబడేలా నిలబడి, “మేడమ్, మీరు రాసిన లెక్కను నమ్మే తవ్వినాడు. తూర్పు కాదు, పడమర అని మీరే దిద్దినారంట గదా” అన్నాడు.

ఇంట్లోకి వచ్చి లాప్‌టాప్ తెరిచాను. నా టపాలో ఇలా ఉంది: “తొట్టి నుంచి నలభై అంగలు పడమరకు.” కింద ఇంకో వాక్యం: “సవరణ: ముందు పొరపాటున తూర్పు అని రాశాను. చదువరులు మన్నించాలి. హన్నమ్మ.”

నాకు మతి తప్పిందేమో అనుకున్నాను సోనియా. కోలారు పోయే ముందు నేనే ఇలా రాసి మరిచిపోయానా అని మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాను. నోటుబుక్కు తీసి చూశాను. మీ పెదనాన్న చేతిరాతలో తూర్పు అనే ఉంది. మళ్ళీ టపా దిద్దబోతే కుడిపక్కన ‘సవరణలు’ అనే మాట కనిపించింది. నువ్వెప్పుడూ దాని గురించి చెప్పలేదు. నొక్కాను. రెండు నిలువు వరుసలు వచ్చాయి. ఎడమపక్క పాతమాట ఎర్రగా, కుడిపక్క కొత్తమాట పచ్చగా. ఎవరు ఎప్పుడు మార్చారో పైన రాసి ఉంది.

సోనియా. సెప్టెంబరు 17, మధ్యాహ్నం 1.10.

నిన్ను చంకనెత్తుకొని అక్షరాలు దిద్దించినదాన్ని. కోపం తర్వాత. ముందు నాకు జవాబు రాయి.

హన్నమ్మ


మాలూరు,
20 అక్టోబరు 2024

పెద్దమ్మా,

నేనే మార్చాను.

అది సెల్విన్ లేఅవుటే. జులైలో మీ ఉత్తరం చదివినప్పుడే నాకు తెలుసు. మీ టపా చూసి ముగ్గురు ఆగిపోయారని కంపెనీవాళ్ళు అతన్ని పీకేస్తామన్నారు. మా ఇంజనీరు మిషన్ పెట్టి చూశాడు, అక్కడేమీ లేదు, ముసలావిడ రాతలకు జనం బెదురుతున్నారు అన్నారట. సెల్విన్ ఇంటికొచ్చి అదే చెప్పాడు. ఇంజనీరు కాగితం చూపించమని నేను అడగలేదు. ఒక్కసారి అడిగి ఉంటే... అడగలేదు. మళ్ళీ అతను గోడకు ఆనుకొని కూర్చోవడం నేను చూడలేననుకున్నాను.

టపా తీసేస్తే అనుమానం వస్తుందన్నాడు సెల్విన్. మాట మారిస్తే చాలన్నాడు. పడమర పక్క ఖాళీ బంజరు, అక్కడ ఎవరికీ సైట్లు లేవు, ఎవరికీ నష్టం లేదు అన్నాడు. భోజనం టైములో చేశాను. మీ పేరుతో క్షమాపణ రాసింది కూడా నేనే. మీలా రాయడం నాకు చేతనవును. మీరే నేర్పారు.

ఇప్పుడు కంపెనీవాళ్ళు, ఆవిడకు వయసైంది, పొరపాటు రాసింది, పోలీసులు అడిగితే అదే చెప్పండి అంటున్నారు. సెల్విన్ మూడు రోజులుగా నా వెనకే తిరుగుతున్నాడు. “ఒక్క బటన్ నొక్కు సోనియా, బ్లాగంతా పోతాది. ఇంగ ఎవరికీ ఏమీ తెలీదు” అంటున్నాడు. నిజమే. నిర్వాహకురాలిగా ఒక్క నొక్కుతో గిడ్డంగి మొత్తం ఖాళీ చేయగలను. సవరణలూ పోతాయి.

నొక్కలేదు. ఈ పొద్దు చర్చికి వెళుతున్నానని చెప్పి ఆఫీసుకు వచ్చి, మీ బిళ్ళను నిర్వాహకురాలిగా మార్చాను. నాది తీసేశాను. నేనిప్పుడు వట్టి చదువరిని. ఇక లోపలికి దిగలేను. ఏం చేయాలో మీ ఇష్టం.

క్షమించమని అడగడానికి నాకు ముఖం లేదు.

సోనియా


చాంపియన్ రీఫ్స్,
4 నవంబరు 2024

సోనియాకు,

జవాబు రాయడానికి రెండు వారాలు పట్టింది. నిజం చెబుతున్నాను, ఆ రెండు వారాల్లో నాకూ ఆ బటన్ కనిపించింది. నా రాత పొరపాటని ఊరు అనుకుంటే అనుకోనీ, ఎన్నాళ్ళు బతుకుతాను, పిల్ల కాపురం నిలబడుతుంది కదా అనుకున్నాను. రెండుసార్లు లాప్‌టాప్ తెరిచి, మూసేశాను.

గురువారం నాగరత్న వచ్చింది. పాలు తేలేదు. ఊరికే వచ్చింది. నా ఎదురుగా నేల మీద కూర్చొని, నా మొహంలోకి చూస్తూ, “నీ మీద కోపం లేదక్కా. ఒక్క మాట చెప్పు చాలు. ఆ తప్పు నీదేనా?” అంది.

అబద్ధం నాలుక మీదకు వచ్చింది. దాన్ని అక్కడే మింగేశాను. లేచి లాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఎర్రమాట చూపించాను, పచ్చమాట చూపించాను. నీ పేరు చదివి వినిపించాను. నువ్వు నాకేమవుతావో కూడా చెప్పాను.

నాగరత్న ఆ రెండు మాటల మీద వేలు పెట్టింది. “ఈ ఒక్క మాట మార్చేదానికి ఎంత సేపు పడతాది?” అని అడిగింది. “నిమిషం కూడా పట్టదు” అన్నాను.

అప్పుడు చెప్పింది. సూపర్‌వైజర్ సారు వాళ్ళింటికి వచ్చి, మీ మేడమే దిద్దింది చూడండని ఫోను చూపించాడట. గోవిందప్ప అప్పటికీ నమ్మలేదు. నన్ను అడుగుదామంటే నేను ఊళ్ళో లేను. “మేడమ్ రాసినాక తప్పు ఉండదు, అయినా ఒకసారి చూసుకుంటా” అని తొట్టి దగ్గరికి పోయి పడమరకు నలభై అంగలు నడిచాడట. అది బంజరులోకి పోయి ఆగింది. అక్కడ నిలబడి వెనక్కి తిరిగి నవ్వాడట. మన సైటు దూరంగానే ఉండాది, భయం లేదు అన్నాడట.

“ఒకటి, రెండు అని లెక్క చెప్పింది నేనే అక్కా” అంది నాగరత్న. “ఆయన నడస్తా ఉంటే వెనకాలే పోతా నేనే లెక్క చెప్పినా.”

ఆమెను ఇంటిదాకా దిగబెట్టి వచ్చాను.

టపాలో తూర్పు అని తిరిగి పెట్టాను. నీ సవరణను తుడవలేదు. రామాంజినప్ప మనవరాలు ఆ పేజీలన్నీ ప్రింటు తీసి ఇచ్చింది. ఆ గోతి పక్కనే ఇంకో ఇద్దరి సైట్లున్నాయి. వాళ్ళకు నేనే వెళ్ళి చెప్పాను. గోతి చుట్టూ పశువుల పాకకు వేసినట్టు ముళ్ళకంప వేసి వదిలేశారు, అంతే. నేల ఇంకా విరుగుతోంది. నిన్నటికి తొట్టి ఒక పక్కకు ఒరిగింది.

శనివారం పొద్దున పదిన్నరకు నాగరత్నా నేనూ పోలీస్ స్టేషనుకు వెళుతున్నాం. ఇంజనీరు కాగితం గురించి వాళ్ళే అడుగుతారు. ఆ రోజు పొద్దున రైలుకు నువ్వు రా. సెల్విన్ వస్తే అతన్నీ తీసుకురా, రాకపోతే ఒంటరిగా రా. మారికుప్పంలో ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చొని ఉంటాను. దిగగానే నీకు టిఫిను పెట్టి తీసుకెళతాను. ఖాళీ కడుపుతో అక్కడికి రానివ్వను.

రైలొచ్చి ఖాళీ అయ్యేదాకా చూస్తాను. నువ్వు దిగకపోతే నీ పేరు నా నోటితో చెప్పాల్సి వస్తుంది. చెబుతాను సోనియా. నా చేత చెప్పించకు.

పెద్దమ్మ